గోడ మీది గూడబాతు ఎంత?

మావయ్యకు గుడివాడలో చాలాకాలం ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ సైజులు, బారసాలలు. కోడలంటే మేనకోడలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవు దొరికితే కెమెరా పట్టుకుని పిట్టల కోసం కొల్లేరు. మరో నలుగురితో కలిసి ఆమె మొదటిసారి ఒక గ్రూప్ షోలో ఫొటోలు పెడుతోంది. గోడ మీద ప్రతి పటం కిందా ధర రాసివ్వాలని నిర్వాహకులు అడిగారు. వాదన అక్కడ మొదలైంది. మధ్యలో కుండలీకరణాల్లో కనిపించేవి నా మాటలు. ఎవరూ అడక్కుండానే అన్నవి.

మావయ్య: ఆరు వేలా! ఒక్క ప్రింటుకా? రెండు రోజుల పెళ్లికి నిలబడి, ఆల్బమ్ కట్టి, ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి, ఆరు వేలు తీసుకున్నవాణ్ణే నేను.

కోడలు: ఆ రోజుల్లో ఆరు వేలకి బంగారం ఎంతొచ్చేదో కూడా చెప్పు మావయ్యా.

మావయ్య: సరే, అది వదిలెయ్. ఇవాళ్టి లెక్కే చెప్తా. కలర్ ల్యాబ్‌కి ఫైలు పంపితే 12×18 ప్రింటు వందకో నూట యాభైకో చేతిలో పెడతాడు. దానికి నాలుగు రెట్లు వేసుకో. ఆరు వందలు. కొనేవాడు ఇంట్లో అడక్కుండా జేబులో చెయ్యి పెట్టే ధర అది. షోలో ఇరవై పోతాయి.

కోడలు: ఎవరు కొంటారు ఆ ఇరవై?

మావయ్య: ఎవరో ఒకరు. వచ్చినవాళ్లు.

కోడలు: నీకూ నాకూ తేడా అక్కడే ఉంది. నీ స్టూడియోకి వచ్చినవాడు నువ్వు ఫొటో తియ్యకముందే కొనేసినట్టు లెక్క. ఆ ఆల్బమ్‌లో ఉన్నది వాళ్ల పిల్ల. బాగా రాకపోయినా కొంటారు, కళ్లు మూసుకున్నప్పుడు క్లిక్‌మన్నా కొంటారు. నా గూడబాతుకి మేనత్త లేదు, పెదనాన్న లేడు.

మావయ్య: అందుకే చవగ్గా పెట్టమంటున్నా. చుట్టరికం లేని సరుకు ధర చూసే పోవాలి. సికింద్రాబాద్ దీన్‌దయాళ్ సంగతే చూడు. ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోగ్రాఫరు, రాజా అని బిరుదు. కోటలు తీశాడు, గుళ్లు తీశాడు, కాదనను. కానీ స్టూడియోలో మనుషుల్ని కూర్చోబెట్టి కూడా తీశాడుగా? పరదా పాటించే ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో కూడా పెట్టాడు. మనిషి తన మొహానికి డబ్బిచ్చినట్టు దేనికీ ఇవ్వడు.

కోడలు: ఒప్పుకుంటా. కానీ చవగ్గా పెట్టినంత మాత్రాన నాది అమ్ముడుపోదు. కొల్లేరు ఆటపాక పిట్టలు అక్కర్లేనివాడికి ఆరు వందలైనా ఎక్కువే. ఊరికే ఇచ్చినా అటక మీద పెడతాడు. నిజంగా కావాలనుకునేవాడు వంద మందిలో ఒకడుంటాడేమో. ఆ ఒక్కణ్ణి చూసి ధర కట్టాలి గానీ, టీ తాగి వెళ్లిపోయే తొంభై తొమ్మిది మందిని చూసి కాదు.

(ఈ తేడా చట్టంలోనూ ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందమేదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి తొలి హక్కుదారు తీయించుకున్నవాడే. గూడబాతు ఎవరికీ డబ్బివ్వలేదు కనక ఆ ఫొటో తీసినామెదే. ప్రింటు అమ్మినా హక్కు ఆమె దగ్గరే ఉంటుంది. 2012 సవరణ తర్వాత అది ఆమె జీవితకాలమూ, ఆపైన మరో 60 ఏళ్లూ నిలుస్తుంది. ఆ లెక్కన మావయ్య ఒప్పందం రాసుకోకుండా తీసిన పెళ్లి ఫొటోల్లో ఒక్కటీ ఆయనది కాదు. ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు.)

మావయ్య: చవగ్గా అమ్మితే విలువ పోతుందనుకుంటున్నావు. పారిస్‌లో యూజీన్ అట్జే అని ఒకాయన ఉండేవాడు. చిత్రకారులకు పనికొచ్చే డాక్యుమెంట్లు అమ్మబడును అని బోర్డు పెట్టుకుని పాత వీధులూ గుమ్మాలూ తీసి అమ్ముకున్నాడు. 1920 ప్రాంతంలో రెండు వేల ఆరు వందలకు పైగా నెగటివులు ప్రభుత్వానికి పది వేల ఫ్రాంకులకి ఇచ్చేశాడు. ఇవాళ ఫొటోగ్రఫీ చరిత్ర రాసేవాడెవడూ ఆయన్ని వదిలి రాయలేడు.

కోడలు: పోయాక వచ్చిన పేరు మావయ్యా అది. పైగా కొనేవాళ్లు ఆయనకి ముందే తెలుసు. చిత్రకారులు, లైబ్రరీలు, మ్యూజియంలు. గుమ్మం ఫొటో కావలసినవాడు గుమ్మం ఫొటో కోసమే వచ్చాడు. నాకింకా అలాంటి వాకిలి లేదు.

మావయ్య: సరే, ఆ ఆరు వేలు ఎలా వచ్చాయో చెప్పు. గాల్లోంచి దించావా?

కోడలు: లేదు, లెక్క రాశాను. నాది కలర్ ల్యాబ్ ప్రింటు కాదు. జర్మనీ కాటన్ కాగితం, హానెమ్యూలె ఫొటో రాగ్, చదరపు మీటరుకి 308 గ్రాములు. పిగ్మెంట్ ఇంకు. నేను వేయించేచోట 12×18కి 1,100. రంగు సరిచూసుకోవడానికి వేసినవి, పాడైనవి పంచితే ప్రింటుకి 200. మౌంటు, అద్దం, ఫ్రేము కలిపి 1,500. ప్యాకింగు 200. మొత్తం మూడు వేలు.

మావయ్య: ఆ కాగితం కావాలని ఎవరడిగారు?

కోడలు: అమ్మ పెళ్లినాటి ఆల్బమే అడిగింది. ఈమధ్య తెరిచి చూశావా? అమ్మది ఆకుపచ్చ పట్టుచీర అంటారందరూ. ఫొటోలో ఇటుక రంగు. నాన్న సూటూ ఇటుక రంగే. పందిట్లో మామిడాకులు కూడా ఇటుక రంగే.

మావయ్య: ఆనాటి కలర్ పేపరు అంతేనే. మిగతా రంగులు వెలిసిపోయి ఎరుపు మిగిలేది. నా ఒక్కడి ఆల్బమే కాదు, ఎవరింట్లో చూసినా అంతే. ఇప్పటి ల్యాబ్ పేపరు దానికంటే చాలా నయం.

కోడలు: నయమే. ఎండ పడని గోడకి తగిలిస్తే బాగానే ఉంటుంది. కానీ నేను అమ్మేది ఇంటికి చుట్టం కాని పిట్టని. వెలిసిపోతే దాని మొహం ఎవరికి గుర్తుంటుంది? రంగు నిలవడమే నా సరుకులో సగం.

మావయ్య: కాగితం దగ్గర ఓడిపోయాను, పో. ఖర్చు మూడు వేలు. గ్యాలరీ వాళ్లు ఎంత పట్టుకుంటారు?

కోడలు: నలభై శాతం. మూడు వేలకి నలభై శాతం కలిపితే 4,200. దాని మీద నా కష్టం 1,800. ఆరు వేలు.

మావయ్య: ఇంజినీరింగు ఎలా పాసయ్యావే నువ్వు? కమిషన్ నీ ఖర్చు మీద వెయ్యరు, అమ్మిన ధర మీద వేస్తారు. 4,200కి అమ్మితే వాళ్లది 1,680. నీ చేతికొచ్చేది 2,520. మూడు వేలు పెట్టి 2,520 తెచ్చుకుంటావు. అమ్మిన ప్రతి పటానికీ 480 చేతి చమురు. ఆరు వేలకి అమ్మినా వాళ్లకి 2,400 పోతే నీకు 3,600. నీ కష్టం 1,800 కాదు, ఆరు వందలు. కొల్లేరు వెళ్లొచ్చిన పెట్రోలుకి కూడా చాలదు.

కోడలు: ఉండు, ఉండు. అంటే ఐదు వేలకి అమ్మితే...

మావయ్య: సున్నా. గ్యాలరీ పోను నీకు మిగిలేది రూపాయిలో అరవై పైసలు. ఖర్చుని అరవైతో భాగించి వందతో గుణించు. ఐదు వేలు వస్తుంది. అంతకు కింద ఎంతకి అమ్మినా గోడకి ఎదురు డబ్బు కడుతున్నట్టే.

కోడలు: అంటే ఆరు వేలు తక్కువని నువ్వే ఒప్పుకున్నావు!

మావయ్య: కొనేవాడికి ఎక్కువ, నీకు తక్కువ అంటున్నా. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఇరుక్కునేది ఆ సందులోనే. ఇప్పుడు చెప్పు, ఆ మూడు వేలలో సగం తినేస్తున్నదేంటి?

కోడలు: ఫ్రేము.

మావయ్య: ఫ్రేముకి పదిహేను వందలు. దాని మీదా గ్యాలరీ వాడి కమిషన్ పడుతుంది. అంటే ఆ ఫ్రేము ఖర్చు వెనక్కి రావాలంటే ధరలో 2,500 పెంచాలి. నువ్వు ఫొటోగ్రాఫరువా, వడ్రంగివా? షోలో గోడకి పటం కట్టి పెట్టు. అమ్మేది మాత్రం మౌంటులో పెట్టిన వట్టి ప్రింటు. పటాలు కట్టే కొట్టు లేని ఊరుందా? వాళ్లింటి గోడకి ఏ రంగు ఫ్రేము నప్పుతుందో వాళ్లకే తెలుసు.

కోడలు: ఫ్రేము లేకపోతే బహుమతిలా కనపడదు మావయ్యా. తీసుకెళ్లి తగిలించేసేలా ఉండాలని చాలామందికి ఉంటుంది.

మావయ్య: కావాలన్నవాడికి కట్టించి ఇవ్వు, దాని డబ్బు వేరేగా తీసుకో. ఇంకో లెక్క చూడు. ఇరవై పటాలు కట్టించావనుకో, అరవై వేలు. షోలో నాలుగు అమ్ముడుపోతే గొప్ప. ఏడు వేల ఐదు వందలు పెట్టినా కమిషన్ పోను నాలుగింటికి 18,000. మిగతా 42,000 పదహారు పటాలుగా మీ మంచం కింద పడుకుంటుంది. అదే అన్నీ ఒకే సైజులో కట్టించావా, వచ్చే షోకి లోపలి ప్రింట్లు మారిస్తే చాలు.

(ఈ ఒక్క మాటకి మావయ్యకి ఫీజు ఇవ్వొచ్చు. మొదటి ప్రదర్శన పెట్టిన చాలామంది నష్టపోయేది ఫొటోల మీద కాదు, చెక్క మీద, అద్దం మీద. సైజులు నాలుగు రకాలుగా ఉంటే మరీను.)

కోడలు: సరే, ఫ్రేము తీసేస్తే ప్రింటు 1,100, టెస్టులకి 200, మౌంటు 300, కవరూ ప్యాకింగూ 150. 1,750. అరవైతో భాగిస్తే... 2,900 పైన. ధర 4,500 పెడితే నాకు 2,700 వస్తుంది. అంటే 950 మిగులు.

మావయ్య: ఇప్పుడు మనిషిలా మాట్లాడుతున్నావు. ఇంట్లోంచి నేరుగా అమ్మితే కమిషన్ ఉండదు కదా, అప్పుడు మూడు వేలకే ఇచ్చెయ్. కొన్నవాడికీ లాభం.

కోడలు: అది మాత్రం కుదరదు. గ్యాలరీలో 4,500, ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు వేలు అయితే, గ్యాలరీలో కొన్నావిడ వారం తిరక్కుండా చూస్తుంది. ఇక ఆమె నా దగ్గర ఇంకోటి కొంటుందా? గ్యాలరీ వాళ్లు మళ్లీ పిలుస్తారా? ఎక్కడ కొన్నా ఒకటే ధర. నేరుగా అమ్మినప్పుడు మిగిలే ఆ 1,800 నాకు లాభం కాదు. ఫోన్లు ఎత్తడం, ప్యాక్ చెయ్యడం, కొరియర్‌కి పరిగెత్తడం, ఆ పనంతా గ్యాలరీ బదులు నేను చేస్తున్నందుకు జీతం.

మావయ్య: మా కొట్లో మనిషికో రేటు ఉండేది. ఎవడూ ఏమీ అనలేదు.

కోడలు: ఎవడికీ తెలీలేదు కాబట్టి.

మావయ్య: ...అదీ నిజమే. కానీ మన జనం సంగతి నీకు తెలీదు. ధర చదివి, నీ మొహం చూసి, చివరి రేటు చెప్పమ్మా అంటారు. అప్పుడేం చేస్తావ్?

కోడలు: అదే భయం. ఎంత అని అడిగితే నాలుగు వేల ఐదు వందలు అని, ఊపిరి తీసుకోకుండా, కావాలంటే తగ్గిస్తాలెండి అనేస్తాను. అడక్కముందే.

మావయ్య: ఆ రెండో ముక్క మింగెయ్. ధర చెప్పు, ఊరుకో. ఎదుటివాడు ఆలోచించుకుంటుంటే నువ్వు మధ్యలో మాట్లాడకు. బేరం ఆడితే ధర తగ్గించకు, కొసరు వెయ్. చిన్న ప్రింటొకటి, లేకపోతే ఒక పోస్ట్‌కార్డు. తగ్గించిన ధర నాలుగు చెవులకి పాకుతుంది. కొసరు వాడి చేతిలోనే ఉంటుంది. కొసరు దొరికినవాడు గెలిచినట్టు ఇంటికెళ్తాడు, నీ ధర మాత్రం కదల్లేదు.

కోడలు: ఇది ఏ మార్కెటింగ్ పుస్తకంలోనూ చదవలేదు.

మావయ్య: రైతుబజార్లో నేర్చుకో. చుట్టాలకి మాత్రం సగానికి ఇవ్వాల్సిందే. మీ పెద్దత్త ఇప్పటికే హాల్లో మేకు కొట్టించింది.

కోడలు: పెద్దత్తకి ఊరికే ఇస్తాను. లేకపోతే పూర్తి ధర. సగానికి మాత్రం ఇవ్వను. ఊరికే ఇస్తే బహుమతి అంటుంది, మొత్తానికి అమ్మితే కొన్నానంటుంది. సగానికి ఇస్తే మేనకోడలు ఇంతకే అమ్ముతుందని ఊరంతా చెప్తుంది.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు పెద్దత్త గురించి మాట్లాడుకున్నారు. అది అచ్చుకి తగదు.)

మావయ్య: ఇదేంటి, జాబితాలో 20×30 కూడా రాశావ్. ఏ ఫొటో అది?

కోడలు: అదే గూడబాతు. పిల్ల నోరు తెరిచి ఉంటుందే, అది.

మావయ్య: ఆ పక్షి అంత దగ్గరికి రాదు. కత్తిరించావా?

కోడలు: కొంచెం. 24 మెగాపిక్సెల్ కెమెరా. మొత్తం ఫైలు 6000×4000. కత్తిరించాక 3600×2400.

మావయ్య: 18 అంగుళాలకి అంగుళానికి 200 చుక్కలు. పర్లేదు, పోతుంది. 30 అంగుళాలకి 120. దగ్గరికొస్తే ఈకలు ముద్దలా కనపడతాయి. పెద్ద ధర పెట్టినదాని దగ్గరికే జనం వచ్చి తొంగిచూస్తారు. కొట్టెయ్.

కోడలు: కొట్టేశాను. ఇక అసలు గొడవ. ఈ ఫొటోకి 25 ప్రింట్లే వేస్తాను. 1/25, 2/25 అని మార్జిన్‌లో పెన్సిల్‌తో అంకె వేసి సంతకం పెడతాను. ఆ తర్వాత వెయ్యను.

మావయ్య: ఇది మాత్రం వినలేను. కంప్యూటర్‌లో మీట నొక్కితే పాతిక వేలొస్తాయి. వాటికి పాతికే అని గిరి గీస్తావా? నేను ఫొటో సలోన్ పోటీలకి పంపడానికి బ్లాక్ అండ్ వైట్ వేసేవాణ్ణి. ఎన్‌లార్జర్ కింద ఆకాశానికి ఎక్కువ వెలుగు, మొహానికి తక్కువ వెలుగు, చేత్తో అడ్డం పెట్టి, ఒక్క ప్రింటుకి ఒక సాయంత్రం పట్టేది. నిన్న వేసినదానికీ ఇవాళ వేసినదానికీ పోలిక ఉండేది గానీ రెండూ ఒకటి కావు. దానికి అంకె ఎందుకు? చెయ్యి నొప్పే అంకె. నీ దాంట్లో కష్టమే లేదు, కృత్రిమంగా కొరత సృష్టిస్తున్నావ్.

కోడలు: కొరత కృత్రిమమే, కాదనను.

మావయ్య: ఏన్సెల్ ఏడమ్స్ హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయం తీశాడే, 1941లో, దానికి గిరి గీయలేదు. జీవితంలో 1,300కు పైగా ప్రింట్లు వేశాడు. అయినా 2006లో ఒకటి వేలంలో ఆరు లక్షల డాలర్లు దాటింది. గిరి వల్ల విలువ రాలేదు. పేరు వల్ల వచ్చింది.

కోడలు: ఆయనకి పేరుంది కాబట్టి గిరి అక్కర్లేదు. నాకు పేరు లేదు. నేను ఇవ్వగలిగింది మాట ఒక్కటే.

మావయ్య: మాటకి విలువెక్కడుంది? విలియం ఎగుల్‌స్టన్ విషయంలో ఏమైంది?

కోడలు: నీకెలా తెలుసు అది!

మావయ్య: స్టూడియో మూసినవాణ్ణి గానీ, చదవడం మానలేదు. ఆయన అంకెలేసి అమ్మిన పాత ఫొటోలనే 2012లో పెద్ద సైజులో, ఇంక్‌జెట్‌లో కొత్తగా వేయించి క్రిస్టీస్‌లో వేలానికి పెట్టారు. 36 ప్రింట్లకి 59 లక్షల డాలర్లు వచ్చాయి. పాతవి కొన్నాయన కోర్టుకెక్కాడు. మరుసటి ఏడు కోర్టు కేసు కొట్టేసింది. సైజు వేరు, పద్ధతి వేరు, కనక ఇది వేరే ఎడిషన్ అంది. ఇంక నీ పాతికకి అర్థమేంటి? పదేళ్ల తర్వాత నువ్వే ఇంకో సైజులో ఇంకో పాతిక వేస్తావు.

కోడలు: అందుకే ఆ తలుపు ముందే మూసేస్తాను. ప్రింటు వెనక కాగితం అంటించి రాస్తాను. ఏ సైజులో అయినా, ఏ కాగితం మీదైనా మొత్తం 25, నా దగ్గర ఉంచుకునే ప్రూఫులు 2, ఆపైన లేవు. రాసి సంతకం పెట్టాక కోర్టు సంగతి తర్వాత, మళ్లీ వేస్తే నా మొహం నేను చూసుకోలేను. బ్రెట్ వెస్టన్ అయితే ఇంకా ముందుకెళ్లాడు. తన తర్వాత ఎవరూ ప్రింటు వెయ్యకూడదని 1991లో ఎనభయ్యో పుట్టినరోజున చాలామటుకు నెగటివులు తగలబెట్టేశాడు.

మావయ్య: నెగటివులు తగలబెట్టాడా? చేతులెలా వచ్చాయి?

కోడలు: నేను తగలబెడదామన్నా కుదరదు. రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది, క్లౌడ్‌లో ఉంది, నీ వాట్సాప్‌లో ఉంది. అందుకే మాట ఒక్కటే మిగిలిందంటున్నా.

మావయ్య: ఇంకో పక్కనుంచి చూడు. ఏడాదికి నాలుగు అమ్ముతావనుకుందాం. పాతిక అయ్యేసరికి ఆరేళ్లు. అప్పటిదాకా ఆ గిరి నిన్నేమీ ఆపదు. ఏమీ ఆపని ఒట్టు ఒట్టెలా అవుతుంది? పాతిక అమ్మగలిగిన రోజున పెట్టుకో.

కోడలు: ఆ రోజున పెడితే మొదట కొన్నవాడికి అన్యాయం. పేరు లేనప్పుడు నమ్మి కొన్నది వాడు. వాడికి 1/25 దక్కాలి. అందుకే ధర కూడా మొదటి ఐదుకి 4,500, ఆ తర్వాత ఐదుకి 5,500, అలా పెంచుకుంటూ పోతాను. తగ్గించడం ఉండదు.

మావయ్య: రేపు విజయవాడలో ఏదో హోటల్ వాడు, నలభై గదులకి నలభై గూడబాతులు కావాలంటాడు. అప్పుడు?

కోడలు: ఎర్రకాళ్ల కొంగనిస్తాను. దానికి గిరి గీయలేదు.

మావయ్య: నలభై గదులు వదులుకుంటావా?

కోడలు: కొంగనిస్తానన్నా కదా! ప్రతి ఫొటోకీ గిరి గీస్తానని ఎవరన్నారు?

(కొత్తగా ధర కట్టుకునేవాళ్లని పాడుచేసేవి వేలం పాటల వార్తలు. ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫొటో 2011లో 43 లక్షల డాలర్లు పలికింది. ఆరు ప్రింట్ల ఎడిషన్‌లో ఒకటది. ఆ ఆరుని పట్టుకుని, నేనూ ఆరే వేస్తే కొంటారు అనుకునేవాళ్లను చూశాను. ఎడిషన్ చిన్నదైనంత మాత్రాన కొనేవాడు పుట్టుకురాడు. నేనైతే ఇందులో కోడలి పక్షమే. కానీ మావయ్య అడిగిన ప్రశ్నకి, ఏమీ ఆపని ఒట్టు ఒట్టెలా అవుతుందన్నదానికి, ఆమె చెప్పిన సమాధానం సగమే అనిపించింది.)

మావయ్య: మరి ఆరు వందల మనిషిని ఏం చేస్తావు? పాపం, వాడికీ పిట్ట నచ్చుతుంది.

కోడలు: వాడి కోసం కొంగ ఉంది, చిన్న సైజులో. 8×12 కాటన్ కాగితం మీదే. ప్రింటు 500, మౌంటు 150, ప్యాకింగు 100. 750. గ్యాలరీ పోను నష్టం రాకూడదంటే 1,250. ధర 1,500. అంకె వెయ్యను, సంతకం మాత్రం పెడతాను.

మావయ్య: ఆరు వందలన్నాను.

కోడలు: ఆరు వందలకి ల్యాబ్‌లో వేయించిన పోస్ట్‌కార్డుల సెట్టు. నువ్వన్న కొసరు కూడా అందులోంచే.

మావయ్య: చవకది పక్కనే ఉంటే ఖరీదైనది కొనరు కదా?

కోడలు: నేనూ అదే భయపడ్డాను. న్యూయార్క్‌లో 2007లో 20×200 అని ఒక సంస్థ మొదలైంది. ఒకే చిత్రం చిన్న సైజులో 200 ప్రింట్లు, ఒక్కోటి 20 డాలర్లు. అంతకంటే పెద్దవి 20, ఒక్కోటి 200 డాలర్లు. మరీ పెద్దవి రెండే, ఒక్కోటి 2,000. ఎవరికి ఎంత స్తోమతుంటే అంత సైజు. ఎన్నున్నాయో ముందే చెప్పారు కాబట్టి ఎవరికీ మోసపోయామని అనిపించదు. మేగ్నమ్ ఫొటో ఏజెన్సీ వాళ్లది ఇంకో దారి. 2014 నుంచి ఆరంగుళాల చదరపు ప్రింట్లు సంతకం పెట్టి వంద డాలర్లకి అమ్మారు, కానీ కొద్ది రోజులే. అంకె లేదు, గడువు ఉంది.

మావయ్య: ఆషాఢం సేల్ అన్నమాట.

కోడలు: ధర తగ్గించరు మావయ్యా! తలుపు మూస్తారు, అంతే.

మావయ్య: నీ అంకెల కంటే ఆ గడువే నాకు నచ్చింది. దసరాకి పది రోజులు అమ్ము. ఎన్ని అడిగితే అన్ని వేయించు, ముందు డబ్బు తీసుకుని. మంచం కింద ఒక్కటీ మిగలదు. సరే, నీతో పాటు షోలో ఉన్న నలుగురూ ఎంత పెడుతున్నారు?

కోడలు: అడగలేదు.

మావయ్య: అడుగు. పక్కగోడ మీద అదే సైజు రెండు వేలుంటే, నీది ఎందుకు నాలుగున్నరో నువ్వు చెప్పగలగాలి. కాగితం సంగతి, అంకె సంగతి అక్కడే చిన్న చీటీలో రాసి పెట్టు. పక్కవాడు పన్నెండు వేలు పెట్టాడని మాత్రం నీది పెంచకు. వాడి గోడ వాడిది.

కోడలు: ధర కూడా గోడ మీదే రాయాలా? పెద్ద గ్యాలరీల్లో రాయరు. అడిగితే చెప్తారు.

మావయ్య: పెద్ద గ్యాలరీకి వచ్చేవాడికి అడిగే ధైర్యం ఉంటుంది. మనవాళ్లు అడగడానికి మొహమాటపడి, లక్షలుంటుందేమోలే అనుకుని వెళ్లిపోతారు. ధర రాయి. అంకెలు కనపడేలా రాయి.

కోడలు: సరే విను. "గూడబాతులు, ఆటపాక. 12×18, కాటన్ కాగితంపై పిగ్మెంట్ ప్రింట్. ఎడిషన్ 25. 4,500 రూపాయలు." చాలా?

మావయ్య: ఆ పాతిక మీద నాకింకా ఒప్పుదల లేదు. అది పక్కనపెట్టు. "ఫ్రేము లేకుండా" అని ఎక్కడ రాశావు? రాయకపోతే గోడ మీంచి పటం ఊడదీసి పట్టుకెళ్తారు.

కోడలు: రాస్తాలే. కింద చిన్న అక్షరాల్లో.

మావయ్య: పెద్ద అక్షరాల్లో.